ఉప్పల్ ఫుట్‌పాత్ మీద మామగారి పుస్తకం

పోయిన నెల మా అమ్మాయికి కొడుకు పుట్టాడు. బిడ్డ పుట్టిన సమయం గంటలు, నిమిషాలతో సహా ఆసుపత్రివాళ్లు ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. చూడటానికి వచ్చిన మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో వేసుకుంటూ, "గిది మా బావ కంట పడనీయకున్రి, తీస్కపోయి పాత పుస్తకాలోనికి తూకానికేస్తడు" అన్నది. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. సంగతేమిటో తెలియని నర్సు కూడా నవ్వింది. నేనూ తల వంచుకుని నవ్వాను. ఇరవై రెండు ఇరవై మూడేళ్లుగా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఈ మాట విని ఇలాగే నవ్వుతున్నాను కాబట్టి నాకు అలవాటైపోయింది. కానీ ఆ రోజు ఇంటికి వచ్చాక ఎందుకో నిద్రపట్టలేదు, జరిగిందేమిటో నా ఈడు వాళ్లకైనా చెప్పుకోవాలనిపించింది.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి ఏళ్లలో మేము నాచారంలో కిరాయికి ఉండేవాళ్లం. అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో నేను స్టోర్ కీపర్‌ని. వారంలో ఆరు రోజులు డ్రమ్ములూ డబ్బాలూ లెక్కపెట్టి, ఏడో రోజు పొద్దున్నే మా ఆవిడ ఇచ్చిన కూరగాయల సంచీ పట్టుకుని, కూరగాయలు ఎక్కడా అమ్మని దారి వెతుక్కుంటూ ఉప్పల్ చౌరస్తాకు పోయేవాడిని. ఇప్పుడు మెట్రో స్తంభాలు లేచి నిలబడ్డ ఆ రోడ్డు పక్కన అప్పుడు ఆదివారం వస్తే చాలు, పట్టాలు పరిచి పాత సామాన్లు అమ్మేవాళ్లు. రెక్కల్లేని టేబుల్ ఫ్యాన్లు, ఒక కన్ను మాత్రమే పనిచేసే దుర్భిణీలు, కిరసనాయిలు వాసన ఇంకా పోని లాంతర్లు, ఎవరో పెళ్లిలో ఎవరికో ఇచ్చిన గోడ గడియారాలు, అన్నీ అక్కడికి చేరేవి. ఒకసారి ఒకతని దగ్గర చెవి లేని పెద్ద ఇత్తడి తాళం కొన్నాను. రెండు వారాల తర్వాత పది అడుగుల దూరంలో ఇంకొకతని దగ్గర తాళం లేని చెవి కనిపిస్తే, ఇవి రెండూ ఒక ఇంటివే అయ్యుంటాయని అదీ కొన్నాను. కాదు. అయినా రెండింటినీ కలిపి చాలాకాలం దాచుకున్నాను.

నా అసలు గురి మాత్రం పుస్తకాల మీద. అక్కడ పుస్తకాలమ్మే ముసలాయన్ని చిన్నా పెద్దా అందరం అన్న అనేవాళ్లం. ఆయనకు చదువు రాదు కాబట్టి అచ్చులో ఉన్నదంతా ఆయన కంటికి సమానమే, లెక్కల గైడుకైనా వేదాంత గ్రంథానికైనా కిలోకు ఒకటే ధర. ఇనుప కడ్డీకి తరాజు వేలాడదీసి, పుస్తకాలను ఉల్లిగడ్డల్ని తూచినట్టే తూచేవాడు. మనకు నచ్చిన పుస్తకం మీద ఎక్కువసేపు చేయి ఉంచకూడదు, ఉంచామా, ఆయన తరాజు మన మీద అలిగి బరువు ఎక్కువ చూపించేది. అందుకని నేను ముందు అక్కరలేనివి నాలుగు తిరగేసి, పెదవి విరిచి, లేచి వెళ్లిపోబోతూ ఏదో గుర్తొచ్చినవాడిలా కావలసింది తీసుకునేవాడిని. ఈ నటన ఆయనకు మొదటి వారం నుంచే తెలుసునని చాలా ఏళ్ల తర్వాత నవ్వుతూ చెప్పాడు.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉండేది. చేతిలో పైసలు లేకపోతే మన పాత పుస్తకాలు రెండు కిలోలు తెచ్చి వేసి, ఆయన పుస్తకాలు ఒక కిలో తీసుకుపోవచ్చు. మా ఆవిడ కూడా ఇంట్లో ఇంచుమించు అలాంటి చట్టమే పెట్టింది. రెండు గదుల ఇల్లు, బియ్యం డబ్బా మీద, మంచం కింద, పిల్ల ఊయల కట్టే దూలం మీద కూడా పుస్తకాలే అయ్యేసరికి ఒకరోజు గడపలో నిలబడి, ఇక మీదట ఒక పుస్తకం లోపలికి రావాలంటే ఒక పుస్తకం బయటికి పోవాలని తేల్చి చెప్పేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు కొత్తిమీర కట్టల కింద పెట్టి పుస్తకాలు దాటించాను గానీ, ఒకసారి కొత్తిమీర కొనడం మరిచిపోయి పట్టుబడ్డాను.

ఆ ఏడు వానాకాలంలో మా మామగారు వచ్చారు. ఆయన జనగామ దిక్కు పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఇంటికి పైకప్పు మరమ్మతు పెట్టుకున్నారని, తడవకుండా ఉంటాయని తన పుస్తకాలున్న రేకుపెట్టె మా సజ్జ మీద పెట్టించి వెళ్లారు. ఆ పెట్టెకు మూత సరిగా పడేది కాదు. ప్రతి పుస్తకానికీ వార్తాపత్రికతో అట్ట వేయడం ఆయన అలవాటు, నా అలవాటు కూడా అదే. వారం తిరిగేసరికి సజ్జ మీద ఆయనవేవో నావేవో చెప్పలేని పరిస్థితి వచ్చింది. అందులోనూ ఆయన దగ్గర ఆకుల, వేర్ల బొమ్మలున్న లావాటి నాటువైద్యం పుస్తకం ఒకటి ఉండేది. నా దగ్గర కూడా అంతే లావున్న వైద్యం పుస్తకం ఒకటి ఉండేది. నాది రోగాల లక్షణాల పుస్తకం. రోజుకో పేజీ చదువుతూ రోజుకో జబ్బు తెచ్చుకుంటున్నానని మా ఆవిడ దాని మీద కోపంగా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లో అన్న దగ్గరికి ఒక పాత మాసపత్రిక మూడేళ్ల సంచికలు, గుడ్డ అట్టలతో బైండు చేసినవి, మూడు సంపుటాలు వచ్చాయి. ఎవరో పెద్దమనిషి ఎంతో ప్రేమగా కుట్టించుకున్నవి. చూసిన క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. మూడూ కలిపి నాలుగు కిలోలు తూగాయి, అంటే నేను ఎనిమిది కిలోలు తేవాలి. ఇల్లంతా గాలించి ఆరు కిలోలు పోగుచేశాను. ఇంకా చాలదు. రోగాల పుస్తకం గుర్తొచ్చింది. కుర్చీ ఎక్కి సజ్జ మీద చేయి పెట్టి, బరువు తప్ప ఇంకేమీ చూడకుండా ఆ లావాటి పుస్తకాన్ని లాగి సంచీలో వేసుకుని పోయాను. తరాజు ముల్లు మధ్యకు వచ్చి నిలబడినప్పుడు కలిగిన ఆనందం నా పెళ్లిలో కూడా కలగలేదు. ఆ మాట మా ఆవిడతో అనలేదు.

నెల గడిచిందో లేదో మరదలికి అంబర్‌పేట్ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు, పిల్లా పిల్లవాడూ ఒకరికొకరు నచ్చారు. కానీ అబ్బాయి తల్లికి జాతకాల పట్టింపు ఎక్కువ, పిల్ల పుట్టిన సమయం నిమిషంతో సహా కావాలన్నది. మా అత్తగారు గర్వంగా, మా ఇంటాయన నలుగురు పిల్లలవీ పుస్తకంలో రాసిపెట్టిండు, నాచారంలో అల్లుని ఇంట్లో ఉన్నదని చెప్పింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అంతే కదా, పిల్లలు పుట్టిన తిథి, వారం, నక్షత్రం, వేళ ఇంట్లో ఉన్న పెద్ద పుస్తకం చివరి ఖాళీ పేజీలో రాసి ఉంచేవాళ్లు. మా మామగారు ఆ వివరాలతో పాటు ఒక్కొక్కరి గురించి ఒక ముక్క కూడా రాశారట, అత్తగారు పెద్దపిల్లలవి పాఠంలా అప్పజెప్పేది.

మామగారూ అత్తగారూ మరదలిని కూడా వెంటబెట్టుకుని బస్సు దిగి వచ్చారు. మా ఆవిడే కుర్చీ ఎక్కి పుస్తకం తీసింది. చివరి పేజీ తెరిస్తే అక్కడ మూలవ్యాధి లక్షణాలు కనిపించాయి. పెట్టెంతా దులిపాం, సజ్జంతా దించాం. చివరికి మా ఆవిడ నా ముఖం చూసింది, నేను కిటికీలో నుంచి రోడ్డు చూశాను.

అత్తగారు నెత్తి కొట్టుకుంది. మామగారు మాత్రం మంచినీళ్లు అడిగి తాగి, కొంచెంసేపు కళ్లు మూసుకుని, చాలా నిమ్మళంగా, "పోయినదాని ఎంబడి పోవుడెందుకు, పోనీయున్రి" అన్నారు. ఎంత గొప్ప మనసనుకున్నాను. తర్వాత ఏం తోచిందో, ఆయనే నన్ను తిట్టడం మొదలుపెట్టారు. బరువు చూసి పుస్తకమమ్మేవాడు రేపు ఎత్తు చూసి పిల్లనిస్తాడన్నారు. బడిలో ముప్పై ఏళ్లు సాధన చేసిన గొంతు, వాడకట్టంతా వినిపించింది. తిట్టినకొద్దీ ఆయన ముఖం తేటపడుతున్నట్టు నాకు అనిపించింది గానీ, అప్పుడు దాన్ని గురించి ఆలోచించే స్థితిలో లేను. మరదలు మాత్రం దించిన పుస్తకాలు ఒక్కొక్కటే మళ్లీ తెరిచి చివరి పేజీలు చూస్తూ కూర్చుంది. నాకు నిజంగా సిగ్గేసింది. నా మూడు సంపుటాల కోసం ఆ పిల్ల పెళ్లి చెడిపోతుందేమోనని భయమేసింది.

ఆదివారం దాకా ఎలాగో ఆగి ఉప్పల్‌కు పరుగెత్తాను. అన్నకు పుస్తకం పేరు చెబితే ప్రయోజనం లేదు కాబట్టి బొమ్మలు వర్ణించి చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "ఆకులు, యేర్ల బొమ్మలున్నయి, గదే గదా? కాప్రాల కామెర్లకు పసరు పోస్తది సూడు, గా పెద్దమ్మ కొంటవోయింది సార్. జర ఆలిశమైంది నీకు" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వచ్చి ఈ శుభవార్త చెబితే మామగారి ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. ఎండ అన్నారు, మోకాళ్లన్నారు, అమ్మిన వస్తువు తిరిగి అడగడం మర్యాద కాదన్నారు. నేను విన్లేదు. నా తప్పు నేనే దిద్దుకున్నానని ఆయన కళ్లతో ఆయన చూడాలని పట్టుబట్టి స్కూటర్ వెనక ఎక్కించుకుని కాప్రా తీసుకుపోయాను.

పసరు పెద్దమ్మ ఇల్లు వెతకనక్కర్లేకపోయింది, పచ్చటి కళ్లవాళ్లు ఎటు పోతున్నారో అటు పోతే వచ్చింది. వాకిట్లో జనం బారులు తీరి కూర్చున్నారు. నా వంతు వచ్చి, నేను రోగిని కాదు, పుస్తకం కోసం వచ్చానని చెబుతుండగానే ఆమె నా కింది రెప్ప లాగి చూసి, "రోగం లేదని నువ్వంటే అయితదా? ముందుగాల మందు తాగు, ముచ్చట తర్వాత" అని ఒక గ్లాసు చేతిలో పెట్టింది. తాగాను. నా జీవితంలో అంత చేదు వస్తువు అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నాలుక మీద పడలేదు. ఆ మందు తాగినవాళ్లు మూడు రోజులు పెరుగన్నం తప్ప ఏమీ తినకూడదని గ్లాసు ఖాళీ అయ్యాక చెప్పింది.

తర్వాత లోపలి నుంచి పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఆమెకూ చదువు రాదు, ఆకుల బొమ్మల కోసం కొన్నదట. అరుగు మీద కూర్చుని చివరి పేజీ తెరిచాను. మామగారి ముత్యాల్లాంటి అక్షరాలు. మొదట పెద్ద బావమరిది, పుట్టిన వేళ నిమిషంతో సహా, కింద "పుట్టగానే వాన పడింది" అని. తర్వాత మా ఆవిడ, వేళతో సహా, కింద "నా వేలు పట్టుకుని వదలలేదు" అని. ఆ గుణం ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత చిన్న బావమరిది, "ఈ రోజే ఆవు కూడా ఈనింది" అని. ఆ కింద మా మరదలి పేరు. పేరు పక్కన తిథి, వారం. తర్వాత గంటలకు కొంచెం చోటు, నిమిషాలకు కొంచెం చోటు, రెండింట్లోనూ చుక్కలు. ఆ కింద ఏమీ లేదు.

పేజీ వెనక్కి తిప్పి చూశాను. మామగారు అప్పటిదాకా గేటు దగ్గరే నిలబడ్డారు. మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముఖం ఎత్తకుండా చెప్పారు. "నేనప్పుడు పరీక్షల డ్యూటీ మీద ఊరు దాటి పోయిన. ఐదొద్దులకు వచ్చిన. టైమెంతని అడిగితే ఎవరికీ యాది లేదు, నాలుగో కాన్పు గదా, గడియారం దిక్కు ఎవరు జూస్తరు. మంత్రసానిని అడిగి రాద్దామని జాగ ఇడిసిపెట్టిన. రాసినవా అని మీ అత్త అడిగితే రాసిన అన్న. గట్లనే ఉండిపోయింది." నా చేతిలోని పుస్తకం తీసుకుని మూసేసి, "పుస్తకం దొరకలేదనే చెప్పు అల్లుడా. నువ్వు అమ్ముకున్నవంటే అది నవ్వుతది. నేను రాయలేదంటే ఏడుస్తది" అన్నారు.

ఇంటినిండా తిట్లు తిన్నవాడిని, మూడు రోజుల పెరుగన్నం ముందున్నవాడిని, నాకు కోపం రావాలి. రాలేదు. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరి పుట్టిన తేదీలూ బడి రిజిస్టరులో రాసిన మనిషి, సొంత బిడ్డ దగ్గర రెండు చుక్కల వరస పెట్టి వదిలేశాననే బాధ అన్నేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక మోసుకు తిరిగాడు. పుస్తకం పెద్దమ్మకే ఇచ్చేసి, దొరకలేదని ఇంటికి వచ్చి చెప్పాం. ఈసారి మామగారు తిట్టలేదు. అందుకని ఆ పని మా ఆవిడ చేసింది.

ఇక అంబర్‌పేట్ వెళ్లి వాళ్లకు చెప్పుకోవాలి. దోషిని నేనే కాబట్టి నన్నే ముందు కూర్చోబెట్టారు. ఉప్పల్ ఫుట్‌పాత్, తరాజు, రెండు కిలోలకు ఒక కిలో, మూడు సంపుటాలు, అన్నీ ఒప్పుకున్నాను. పెళ్లికొడుకు తల్లి ముఖం ముడుచుకుని వింటూ వింటూ ఒకసారి తన భర్త దిక్కు చూసింది. ఆయన నేల దిక్కు చూశాడు. వాళ్ల సజ్జ మీద పదకొండు పాత రేడియోలున్నాయని, ఒక్కటీ మోగదని అప్పుడు తెలిసింది. ఆమె మా ఆవిడ చేయి పట్టుకుని, "ఇంట్ల గిసొంటోడు ఒకడుంటే ఎట్లుంటదో నాకెర్క బిడ్డా" అన్నది. పుట్టిన వేళ తెలియనివాళ్లకు పేరుబలం చూస్తారు కదా, కీసరలో తెలిసిన అయ్యగారితో పేరుబలమే చూపిద్దామని ఆమే అన్నది. పేర్లు కుదిరాయి. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. పెళ్లికొడుకు తండ్రి నన్ను పక్కకు పిలిచి, ఆ సంపుటాలు ఒకసారి చూపించమని చెవిలో అడిగాడు.

అప్పటి నుంచి మా ఇంటి పండగల్లో నా పుస్తకం అమ్మకం కథ ఒక వంటకం అయిపోయింది. మామగారు స్వయంగా వడ్డించేవారు, ఏటేటా కొంచెం మసాలా ఎక్కువ వేసి. తిట్టడం అయ్యాక విస్తట్లో మొదటి ముక్క మాత్రం నాకే వేసేవారు. తెలంగాణ వచ్చిన ఏడు, సంబరాల మైకులు ఇంకా పూర్తిగా ఆగకముందే ఆయన పోయారు. ఉప్పల్‌లో అప్పటికి మెట్రో కోసం రోడ్డంతా తవ్వి రేకులు పాతారు. పుస్తకాల అన్న కొన్నాళ్లు ఆ రేకుల పక్కన పట్టా పరిచాడు, తర్వాత కనిపించలేదు. ఇప్పుడు ఆ చోట ఫోన్లకు కవర్లు, అద్దాలు అమ్ముతారు. అవి తూకానికి ఇవ్వరు.

మామగారి దినాలు అయిపోయిన రోజు మధ్యాహ్నం, అందరూ సామాన్లు సర్దుకుంటుంటే మరదలు నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె ముఖంలో ఆ రోజు వేళాకోళం లేదు. "బావా, అందరి గురించి ఏదో ఒక ముక్క రాసిండు గదా. గా పుస్తకంల నాన్న నా గురించి ఏం రాసిండో నువ్వెప్పుడన్న సూసినవా?" అని అడిగింది. అది ఒక్కటే అడిగింది. నేను చూసిన అన్నాను. వేళ గుర్తులేదు గానీ, కింద ఏం రాశారో గుర్తుందన్నాను. "ఐదో రోజు చూశాను. నన్ను చూసి నవ్వింది. ఈ ఇంటికి ఇక ఏ కొదవా లేదు, అని రాసిండు" అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "సూసి గూడ అమ్ముకున్నవా బావా" అన్నది. నా నేరం ఆ రోజుతో రెండింతలైంది. ఆమె వెళ్లి అత్తగారికి చెబితే, అత్తగారు నా దిక్కు ఒక చూపు చూసి, "అవు బిడ్డా, గట్లనే రాసిండు, నాకు సదివి గూడ ఇనిపిచ్చిండు" అన్నది. ఆమెకు ఎంత తెలుసో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

మరదలు ఆ ముక్కను తన పిల్లలకు చెబుతుంది, వాళ్ల పుట్టినరోజుల్లో చెబుతుంది. ఇన్నేళ్లు ఇంతమంది రాసినవి చదివిన నేను నా అంతట నేను రాసింది ఆ మూడు వాక్యాలే, అవీ మామగారి పేరు మీద చలామణీ అవుతున్నాయి. ఇదంతా ఇలా బయటపెడితే ఆమె కంట పడదా అని మీరు అనుకోవచ్చు. ఒకప్పుడైతే పడేది, ఇంటికి వచ్చిన ప్రతి పత్రికకూ వంతులు వేసుకునే రోజుల్లో. ఇప్పుడు మా ఇళ్లలో అచ్చులో ఉన్నది చదివేవాళ్లు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నాకు అన్నిటికన్నా దిగులు కలిగించే సంగతి అదే. ఆ ధైర్యంతోనే ఇది రాశాను.